నూట పదిహేడో నమూనా

చప్రాళ అడవి నుంచి ఇక్కడికి బదిలీ అయిన రోజు
మడావి సాబ్ తాళంచెవి చేతిల పెట్టి నవ్విండు:
"ఆరామ్‌గ ఉండు సారక్కా,
ఇక్కడ పులి లేదు, పులి అడుగుల లెక్క లేదు.
చెట్టు కొట్టేటోడు రాడు,
వచ్చినా గొడ్డలే విరుగుతది."

నిజమే.
కంచె లోపల నా చెట్లన్నీ పడుకునే ఉన్నయి.
పడుకొని ఎన్నేండ్లయిందో బోర్డు మీద రాసిన్రు,
బడిపిల్లలు సున్నాలు లెక్కబెట్టుకుంట
నడుమనే తప్పిపోతరు.

నాగపూర్ కార్లు దిగినోళ్లు
"డైనోసార్ కుఠే ఆహే?" అంటరు.
దుంగను చూపించి ఇది చెట్టంటే నమ్మరు,
రాయంటే ఒప్పుకోరు, టికెట్టు కొన్నరాయె.
నేను చెంబుతోని నీళ్లు చల్లుత.
తడిస్తే సాలు, లోపలి సుట్లు పైకి తేల్తయి,
ఒకటి లావు, ఒకటి దారమంత సన్నం.
ఆసరెల్లి ముసలాయన ఒకాయన
సన్నపు సుట్టు మీద వేలు పెట్టి
"ఆ యేడు వాన పడలేదు" అన్నడు,
పక్కింటి సంగతి చెప్పినట్టు.
రాయి ఆరిపోయేదాక వేలు తియ్యలే.

ఎండకాలం కాగితమొచ్చింది మరాఠీల:
ఊర్లల్ల ఇండ్లల్ల ఉన్న ముక్కలన్నీ
జమ చెయ్యాలె, నంబరు వెయ్యాలె.
ఖాకీ చీర కట్టుకొని గడప గడప తిరిగిన.
ఒకరింట్ల లేగదూడను కట్టేసే గుంజ రాయి,
ఒకరింట్ల దోసకాయ పచ్చడి జాడీ మీది బరువు,
ప్రాణహిత ఒడ్డున నాటుపడవకు లంగరు.
పొలం గట్టు మీద ఒకటి
పసుపు పూసుకొని, కోడిరక్తం ఎండి కూసుంది.
దాని ముందు చెప్పులిడిసి
కాగితం మీద రాసిన: ఇక్కడ ఏమీ దొరకలేదు.

ఆఖరుకు మిగిలింది మా ఇల్లే.

జాలాటు పక్కన కొడవళ్లు నూరే రాయి.
మా నాయనమ్మ దాన్ని ఏ వాగుల నుంచి ఎత్తుకొచ్చిందో,
ఎత్తుకొచ్చినప్పుడు సమంగనే ఉండెనట.
ఇప్పుడు నడుమ గుంటవడి
విదియనాటి చంద్రవంక తీరుగ ఉంది.
వదిన పోసుబాయి గిన్నెలు తోముకుంటనే అడిగింది:
"దీన్నిగూడనా?"
నేను మాట్లాడలే.
తువ్వాలల చుట్టి సైకిల్ వెనుక కట్టుకున్న,
దారి పొడుగునా అది నా నడుముకు తాకుతనే ఉంది.

నూట పదిహేడు. నాలుగు కిలోల రెండువందల గ్రాములు.
"అరుగుదలకు కారణం" అనే గడిల
మూడు తరాల ఆడోళ్ల కొడవళ్లు అని రాసిన.
సాబ్ కొట్టేసి, ఎర్రసిరాతోని
"నైసర్గిక్" అని దిద్దిండు.
కోపం రాలే నాకు.
వానకు అరగటం ఎట్లనో, నాయనమ్మకు అరగటం అట్లనే,
ఆయన తెలిసి రాయకపోయినా.

కార్తీకం. వరి తలొంచింది.
పొద్దుగూకే యాళ్లకు గేటు కాడ
పోసుబాయి, ఆమె ఎనుక అయిదుగురు.
బొడ్ల కొడవళ్లు, కొంగుల చిల్లర.
"ఆరు టికెట్లియ్యి" అన్నది,
నన్నెన్నడు చూడనట్టు.
లోపలికి పొయ్యి డైనోసార్ బొమ్మ కాడ ఆగలే,
బోర్డులు చదవలే,
నా చెంబు తీసుకొని సీదా
నూట పదిహేడు ముందర గొంతుక్కూసున్నరు.

ముట్టుకోవద్దన్న పలక నా చేతిరాతే.
విజిల్ నోట్ల పెట్టుకున్న.
పెట్టుకొని ప్రాణహిత దిక్కు తిరిగి నిలబడ్డ.
అవతలి ఒడ్డు తెలంగాణ, దీపాలు ఒకటొకటే అంటుకుంటున్నయి.
ఎనుక సర్ర్... సర్ర్...
తడి రాయి మీద ఇనుము,
చిన్నప్పుడు కోతకాలం పొద్దున
నన్ను నిద్ర లేపిన చప్పుడు.

ఎంతసేపో తెల్వదు.
గేటు దాటుకుంట వదిన
బొటనవేలు మీద అంచు చూసుకుంది,
ఇంకొక్కసారి చూసుకుంది.
"టికెట్లు చింపకు, సారక్కా.
రెండు కొడవళ్లు మిగిలినయి."